గుర్తు లేని వేగు, జెండా తొడిగిన వీరుడు



మొన్న వేసవి సెలవులకు మా మనవరాలు మేడ్చల్‌కు వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల. సంచిలో బట్టలు తక్కువ, బొమ్మల పుస్తకాలు ఎక్కువ. ఒకరోజు శామీర్‌పేటలో ఉన్న మా చెల్లెలి ఇంటికి పోయినం. సాయంత్రం చెరువుకట్ట మీద కూర్చున్నప్పుడు పిల్ల పుస్తకం తెరిచి, ఒక బొమ్మ మీద వేలు పెట్టి అడిగింది.

"తాతా, గీయన గూఢచారుల ఆఫీసుల పని చేస్తడంట. మరి ఒంటినిండ జెండా కట్టుకొని తిరిగితే అందరికి ఎర్కైపోదా?"

చూశాను. ఆరడుగుల పైచిలుకు మనిషి. ఛాతీ మీద బ్రిటన్ జెండా, ముఖానికి ముసుగు. పేరు కెప్టెన్ బ్రిటన్. పనిచేసే చోటు ఎంఐ-13.

పిల్ల అడిగింది చిన్న ప్రశ్నే. జవాబు మాత్రం నాకు వెంటనే తట్టలేదు. "రేపు చెప్తలేవే" అని తప్పించుకున్నాను. ఆ రేపు చెప్పిన జవాబే ఈ ప్రసంగం.

ముందు ఈ ఎంఐ-13 ఏమిటో చూద్దాం. ఎంఐ అంటే మిలిటరీ ఇంటెలిజెన్స్, సైనిక గూఢచార విభాగం. బ్రిటన్‌లో ఇలా అంకెలు తగిలించిన విభాగాలు నిజంగానే ఉండేవి. ఎంఐ-5, ఎంఐ-6 పేర్లు సినిమాలు చూసే ప్రతివారికీ తెలుసు. రెండింటికీ వేరు 1909లో పెట్టిన ఒకే రహస్య కార్యాలయం. దేశం లోపలి సంగతి ఒకరిది, బయటి సంగతి ఇంకొకరిది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఈ అంకెలు 19 దాకా పాకాయి. శత్రువుకు చిక్కిన సైనికులు తప్పించుకొచ్చేందుకు సాయం చేసే విభాగం ఎంఐ-9. పట్టుబడ్డ శత్రు సైనికులను ప్రశ్నించేది ఎంఐ-19. కథలు రాసేవాళ్లకు ఈ వరస బాగా కలిసొచ్చింది. అపశకునం అని వాళ్లు భయపడే 13వ అంకెను తీసుకుని, అక్కడొక విభాగాన్ని సృష్టించారు. మంత్రగాళ్లు, రక్తపిశాచులు, వేరే గ్రహాల జీవులు, ఇట్లాంటి వ్యవహారాలన్నీ దాని కిందికే వస్తాయి.

కెప్టెన్ బ్రిటన్ పాత్ర 1976లో పుట్టింది. రాసినవాడు క్రిస్ క్లేర్‌మాంట్, గీసినవాడు హెర్బ్ ట్రింప్, ప్రచురణ మార్వెల్ సంస్థది. తరవాతి రచయితలు అతని చుట్టూ ఒకదాని తరవాత ఒకటిగా రహస్య కార్యాలయాలు కట్టుకుంటూ పోయారు. వింతల విచారణకు ఒకటి, వనరుల అదుపు పేరుతో ఒకటి, నల్లగాలి అని అర్థం వచ్చే పేరుతో ఇంకొకటి. వీటిలో కొన్ని సొంత మనుషులకే గోతులు తవ్వేవి. ఆ వరసలో వచ్చినదే ఎంఐ-13. 2008లో పాల్ కార్నెల్ రాయగా, లెనార్డ్ కిర్క్ గీయగా దానికంటూ ఒక పత్రిక మొదలై 15 సంచికలు నడిచింది. చంద్రుడి మీద నుంచి రక్తపిశాచులను బ్రిటన్ మీదికి వదిలే డ్రాకులా కథ అందులోదే. అది 2010లో హ్యూగో పురస్కారం తుది జాబితాకు ఎక్కింది. ఆ దళంలో పాకిస్తాన్ మూలాలున్న డాక్టరమ్మ ఒకరు ఉంటారు, పేరు ఫైజా హుస్సేన్. ఇంగ్లండు పురాణకథల్లోని ఆర్థర్ రాజు కత్తి కథలో ఆమె చేతికి వస్తుంది. మా పిల్లకు ఆ పుస్తకంలో అందరికంటే నచ్చింది ఆమే.

ఇక ప్రశ్న దగ్గరికి వద్దాం. గూఢచారికి గుర్తు ఉండొచ్చునా?

దీనికి మన భాషలో అయిదువందల ఏళ్ల కిందటే సమాధానం ఉంది. చెప్పినవాడు శ్రీకృష్ణదేవరాయలు. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన ఆ రాజు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ వేగువాడు ఎట్లా ఉండాలో ఒక పద్యంలో లెక్కగట్టాడు. సారాంశం ఇది. వాడు రాజధానిలోనే కాపురముండేవాడై ఉండాలి. పలు భాషలు తెలిసి ఉండాలి. తక్కిన వేగులెవరో వాడికి తెలియకూడదు. చూడగానే ఫలానావాడని పోల్చుకునే గుర్తులేవీ ఒంటి మీద ఉండకూడదు. అడిగినదానికంటే ఎక్కువ జీతం ముట్టాలి. ఇవి లేకపోతే ఆ వేగు పనికిరాడు.

చివరి షరతు చూడండి. అడిగినంత కాదు, అడిగినదానికంటే ఎక్కువ. తక్కువ ఇస్తే మిగిలింది అవతలి రాజు ఇస్తాడన్న సంగతి యుద్ధాలు చేసినవాడికి తెలియకుండా ఉంటుందా?

ఈ కొలతకు కెప్టెన్ బ్రిటన్‌ను నిలబెడితే మొదటి క్షణంలోనే ఓడిపోతాడు. ఒళ్లంతా గుర్తే. తోటివాళ్లంతా తెలుసు, గుంపుగా తిరుగుతాడు. రాయలవారి కొలువుకు వస్తే వాకిట్లోనుంచే పంపించేసేవారు. మా పిల్ల అనుమానం రాయలవారి అనుమానమే అన్నమాట.

మరి తెలుగువాళ్లం మనం కల్పించుకున్న గూఢచార సంస్థలు ఈ పరీక్షలో నెగ్గాయా? నా వయసువాళ్లకు అద్దె పుస్తకాల షాపులు గుర్తుండే ఉంటాయి. ఊళ్లో బస్టాండు పక్కన చిన్న కొట్టు. తాడు మీద వేలాడే వారపత్రికలు, వెనక అరల్లో డిటెక్టివ్ నవలలు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ మాకు మొదటి పరిచయం. ఆయన నేరపరిశోధకుడు, పెద్దమనిషి తరహా. ఆ తరవాత మధుబాబు గారి షాడో వచ్చాడు. షాడో అచ్చమైన గూఢచారి. అతని సంస్థ సి.ఐ.బి., పై అధికారి కులకర్ణి. కులకర్ణి గారు పిలిచి పని అప్పగిస్తే చాలు, కుర్రకారు అన్నం మానేసి చదివేవాళ్లు. అట్లాంటి సంస్థ ఏదీ ప్రభుత్వంలో లేదని ఎవరైనా అంటే నమ్మేవాళ్లం కాదు. "ఉంటది, మనకు చెప్పరంతే" అనేవాళ్లం.

తెరమీద 1966లో గూఢచారి 116 వచ్చింది. కృష్ణ గారికి ఆంధ్రా జేమ్స్ బాండ్ అన్న పేరు తెచ్చింది. 116 అన్న ఆ అంకెను చూడండి. బాండ్‌కు 007, ఫ్రెంచివాళ్ల తెరగూఢచారికి 117, మనవాడికి 116. మన తెర గూఢచారి పేరు పక్కనా ఒక అంకె చేరింది. 2018లో అడివి శేష్ గూఢచారి దగ్గరికి వచ్చేసరికి కల్పిత సంస్థకు త్రినేత్ర అని మన పేరే పెట్టుకున్నారు. మూడో కన్ను. రాజులు వేగుల కళ్లతో చూస్తారు, వారు చారచక్షువులు అన్న పాతమాట అందులో దాగి ఉంది.

ఇవన్నీ కథలు. మా ప్రయాణంలో నిజమైనవి రెండు తగిలాయి. శామీర్‌పేట నుంచి సికింద్రాబాద్ దిక్కు వచ్చే రాజీవ్ రహదారి మీద ఒకసారి మనసుతో ప్రయాణం చేయండి. తూంకుంట దాటితే హకీంపేట, అక్కడ వైమానిక దళం. ఇంకా ముందుకు వస్తే బొల్లారం, అక్కడ రాష్ట్రపతి నిలయం. మరునాడు పిల్లను తీసుకుని ఆ నిలయం చూడడానికే వెళ్లాను. 2023 ఉగాది నుంచి ఏడాది పొడవునా చూడనిస్తున్నారు.

తొంభై ఎకరాల్లో ఒకే అంతస్తు ఇల్లు. 1860లో నిజాం కట్టించినది. ఇప్పుడు రాష్ట్రపతి గారి దక్షిణాది విడిది. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు గారి పల్లెపట్టు నివాసం. ఈ రెసిడెంటు అన్న ఉద్యోగమే మన నేల మీద బ్రిటిషువాళ్ల అసలైన గూఢచార విభాగం. పేరుకు రాయబారి. నిజాం దర్బారులో కూర్చుంటాడు, పండక్కి నజరానా పెడతాడు. చేసే పని మాత్రం వినడం. ఆయన కింద మున్షీలు ఉంటారు. దివాణంలో ఎవరెవరు గుసగుసలాడుకున్నారో, ఏ జాగీర్దారుకు ఎవరి మీద కోపమో, పూనా నుంచి ఉత్తరం ఎవరికి వచ్చిందో కాగితం మీదికి ఎక్కుతుంది. హర్కారాలు దాన్ని మోసుకుపోతారు. వార్త కలకత్తా చేరుతుంది.

ఇందులో తిరకాసు కథ జేమ్స్ అచిలిస్ కిర్క్‌ప్యాట్రిక్‌ది. 1797 నుంచి 1805 దాకా హైదరాబాద్ రెసిడెన్సీలో ఆయన పెత్తనం. 1798లో నిజాంతో సంధి కుదిర్చి, దర్బారులో పలుకుబడి సంపాదించిన ఫ్రెంచి పటాలాన్ని రక్తం చిందకుండా ఆయుధాలు కింద పెట్టించాడు. అటువంటివాడు దర్బారు పెద్దింటి పిల్ల ఖైరున్నీసాను పెళ్లాడాడు. హైదరాబాదీ దుస్తులు వేసుకున్నాడు. వేగులను నడిపేవాడు స్థానికుడి వేషం వేస్తే అది పనికోసమా, ప్రేమకోసమా? కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లస్లీకి అనుమానం వచ్చింది, విచారణ జరిగింది. వేగుల పెద్ద మీదే వేగు! రాయలవారు గుర్తులు ఉండకూడదన్నారు. కిర్క్‌ప్యాట్రిక్ తన గుర్తులు తీసేసి అవతలివాళ్ల గుర్తులు తొడుక్కున్నాడు, సొంతవాళ్లకే అనుమానాస్పదుడయ్యాడు.

ఇక హకీంపేట దిక్కు ఆకాశంలో విమానం వినిపిస్తే నాకు గుర్తొచ్చే రెండో మనిషి సిడ్నీ కాటన్. ఇతడిది నిజంగా బొమ్మల పుస్తకానికి తగిన బతుకు. ఆస్ట్రేలియాలో 1894లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపాడు. పైలట్లు చలికి తట్టుకునే ఉడుపు ఒకటి తయారుచేస్తే దానికి ఇతని పేరే పడింది, సిడ్‌కాట్ అని. 1939లో బ్రిటిష్ రహస్య సంస్థ, అదే ఎంఐ-6, ఇతనికి ఒక పని అప్పగించింది. వ్యాపారి వేషంలో సొంత విమానం వేసుకుని జర్మనీ మీద తిరిగి, రహస్యంగా ఫొటోలు తీయాలి.

అప్పుడు కాటన్ చేసిన పని చూడండి. లాక్‌హీడ్ విమానం నేలభాగంలో కెమెరాలు అమర్చాడు. జరిగే పలకల వెనక వాటిని దాచాడు. విమానానికి లేత ఆకుపచ్చ రంగు, బాతు గుడ్డు రంగు వేయించాడు, ఎత్తున ఎగిరితే ఆకాశంలో కలిసిపోయేట్టు. ఫ్రాంక్‌ఫర్ట్ విమాన ప్రదర్శనకు వెళ్లి, జర్మన్ సేనాని కెసెల్‌రింగ్‌ను తన విమానంలో కూర్చోబెట్టుకుని, అతని సైన్యం విమానాశ్రయాల మీదనే తిప్పుతూ కెమెరా ఆడించానని తరవాత చెప్పుకున్నాడు. జేమ్స్ బాండ్‌ను సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ యుద్ధకాలంలో నౌకాదళ గూఢచార విభాగంలో ఉన్నాడు, ఇతన్ని ఎరుగును. రాయలవారి లెక్కలో నూటికి నూరు వచ్చే మనిషి. విమానానికి సైతం గుర్తు లేకుండా చేశాడు.

ఈ మనిషికీ మనకూ సంబంధం ఏమిటంటారా? 1948. భారత ప్రభుత్వంతో నిజాం యథాతథ ఒప్పందం చేసుకుని ఏడాది కూడా తిరగలేదు. హైదరాబాద్‌కు ఆయుధాలు అందకుండా నాలుగు దిక్కులా దారులు మూసుకుపోయాయి. ఊళ్లలో రజాకార్ల ఆగడాలు. ఒక పక్క తెలంగాణ సాయుధ పోరాటం. ఆ సమయంలో కాటన్ ప్రభుత్వ ఉద్యోగంలో లేడు. సొంత వ్యాపారం. లాంకాస్ట్రియన్ విమానాలు సంపాదించి, కరాచీ నుంచి రాత్రిపూట బయల్దేరి, భారత ఆకాశాన్ని దాటి, బీదర్ వంటి చోట్ల దిగి నిజాం సైన్యానికి ఆయుధాలు దించాడు. అప్పటి నిజాం రాజ్యపు పల్లెల్లో రాత్రివేళ మోటారు చప్పుడు వింటే అది ఎవరి విమానమో, ఎవరికోసమో అడగడానికి ఎవరికీ దారి లేదు. అడిగినా చెప్పేవాడు లేడు.

సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించాడు. 18న సేనాధిపతి ఎల్ ఇద్రూస్ మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. అయిదు రోజుల్లో ముగిసింది. ఈ ఆయుధాల రవాణాకు కాటన్ ఇంగ్లండులో కోర్టు బోనెక్కాడు. పడిన జరిమానా 200 పౌండ్లు. ఆ రోజుల్లో ఈ నేల మీద పోయిన ప్రాణాల పక్కన ఆ అంకె పెట్టి చూడండి.

ఆ కథ తోక అక్కడితో తెగలేదు. 1948 సెప్టెంబర్ 20న, అంటే లొంగుబాటు తరవాత, లండన్ బ్యాంకులోని నిజాం ప్రభుత్వపు సొమ్ము 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ పేరిట ఉన్న ఖాతాలోకి మారింది. నిజాం తిరిగి ఇమ్మన్నాడు. బ్యాంకు ఇవ్వలేదు. ఆ సొమ్ము వడ్డీతో పెరుగుతూ 71 ఏళ్లు అక్కడే కూర్చుంది. ఆయుధాల సరఫరాకు బదులుగా వచ్చిన డబ్బు అది అని పాకిస్తాన్ వాదించింది. లండన్ హైకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. 2019 అక్టోబర్ 2న తీర్పు నిజాం వారసులకు, భారత ప్రభుత్వానికి అనుకూలంగా వచ్చింది. అప్పటికి ఆ సొమ్ము మూడున్నర కోట్ల పౌండ్లు. గుర్తు లేకుండా ఎగిరిన విమానాల గుట్టు చివరికి షిల్లింగులతో సహా బ్యాంకు లెక్కల్లోంచే కోర్టు బోనుకెక్కింది.

ఇప్పుడు ఎంఐ-13 దగ్గరికి మళ్లీ వద్దాం. ఒక చిన్న సంగతి చెబుతాను. కెప్టెన్ బ్రిటన్ బొమ్మల పుస్తకం మొదలైన 1976 నాటికి ఎంఐ-6 అనే సంస్థ ఉందని బ్రిటిష్ ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకోలేదు. అందరికీ తెలుసు, ప్రభుత్వానికి మాత్రం తెలియదు! 1992లో ప్రధాని జాన్ మేజర్ పార్లమెంటులో ఒప్పుకున్నాడు. 1994లో చట్టం వచ్చింది. అప్పటిదాకా పిల్లలు అణాపైసలిచ్చి కొనుక్కునే పుస్తకాల్లో రహస్య కార్యాలయాల బల్లలూ కుర్చీలూ కూడా గీసి చూపించారు. లోపల మంచివాళ్లెవరో చెడ్డవాళ్లెవరో, సొంత పౌరులకే గోతులు తవ్వే శాఖ ఏదో రాసేశారు. మన దేశంలో విదేశీ గూఢచర్యానికి రా సంస్థను 1968లో పెట్టారు. 2005 సమాచార హక్కు చట్టం కింద ఐబీ, రా జవాబు చెప్పనక్కర్లేదు. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు మాత్రం ఆ మినహాయింపు లేదు. తలుపు మూసినా, సందు ఒకటి వదిలారు.

ఇవన్నీ తలలో తిరుగుతుండగా రాష్ట్రపతి నిలయంలో పిల్ల నా చెయ్యి పట్టి లాగింది. "తాతా, ఇడ సొరంగం ఉన్నదంట!" అంది. కళ్లు మెరిశాయి. బ్రిటిషువాళ్ల ఇల్లు, నేలకింద సొరంగం. ఇక గూఢచారి తప్ప ఇంకేం కావాలి! లోపలికి దిగినం. అది దేనికో తెలిసేసరికి పిల్ల ముఖం చూడాలి. వంటింటి నుంచి భోజనాల గదికి వేసిన దారి అది.

"అన్నం తెచ్చేతందుకా?" అంది నిరాశగా.

తరవాత గోడల దిక్కు చూసింది. ఆ సొరంగం గోడల మీద చేర్యాల బొమ్మలు ఉన్నాయి. చేర్యాల ఇక్కడికి దగ్గరే, సిద్దిపేట జిల్లాలో. నకాషీ వాళ్లు గీసే బొమ్మలు. బట్టకు సుద్దమట్టి, చింతగింజల గంజి పూసి, మూరలకు మూరలు పటం గీస్తారు. పటాన్ని గళ్లుగళ్లుగా విడదీసి ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం పెడతారు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు, గౌడజెట్టివాళ్లు గౌడులకు గౌడ పురాణం. రాత్రివేళ దీపం పెట్టి, పటం విప్పుకుంటూ, గడి వెంబడి గడి చూపిస్తూ కథ నడుపుతారు. మా పిల్ల చేతిలోని పుస్తకమూ గళ్లుగళ్ల బొమ్మలే కదా.

అప్పుడు నాకు జవాబు తట్టింది.

"చూడు బిడ్డా, నేల అంత ఎర్రగ, దేవుడు నీలం, అమ్మవారు పసుపు. ఎందుకట్ల?"

"దూరంకెళ్లి గుర్తు పట్టెతందుకు."

"ఎవరు గుర్తు పట్టాలె? రాక్షసుడా?"

కాసేపు ఆలోచించింది. "కాదు. కథ ఇనేటోళ్లు."

అదే. కెప్టెన్ బ్రిటన్ ఒంటి మీది జెండా శత్రువు కోసం కాదు, బొమ్మ చూసే మన కోసం. అసలు వేగు శత్రువుకే కాదు, సొంత జనానికీ కనపడడు. ఎవరికోసం ఎగిరాడో, ఎంత తీసుకున్నాడో, ఎవరి ఉసురు పోసుకున్నాడో 71 ఏళ్లకు కోర్టు కాగితాల్లో అరకొరగా తెలుస్తుంది. కథ రాసేవాడు ఆ మనిషిని పట్టుకొచ్చి, దీపం ముందు నిలబెట్టి, నీలమో ఎరుపో పూసి చూపిస్తాడు. వీడు మనవాడు, వీడి మంచిచెడ్డలు అడిగే హక్కు మీకుంది అంటాడు. షాడో పుస్తకాలు మేం అన్నం మానేసి చదివింది, కనపడని గదిలోకి ఒక్కసారి తొంగిచూడాలన్న ఆ కోరికతోనే కావచ్చు. రాయలవారి మాట రాజుకు చెప్పిన మాట. రాజుకు గుర్తు లేని వేగు కావాలి. కథ వినే జనానికి గుర్తున్న వీరుడే కావాలి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు హకీంపేట దగ్గర ఆగింది. పైన ఒక విమానం తక్కువ ఎత్తులో పోతోంది. పిల్ల కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసింది.

"తాతా, దాని తోక మీద మన జెండా రంగులున్నయి, చూసినవా?"

"చూసిన బిడ్డా," అన్నాను. "ఉండనీ. అది మనదని ఎర్కైతది."